మగ్గం లేవని ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు బాడుగకిచ్చి చూడు అని మాత్రం ఒక్కరూ అనలేదు. అని ఉంటే గోరంట్ల దగ్గర మా నాయన నాకు రాసిచ్చిన భూమి చెక్కను అమ్మి, ధర్మవరంలో ఆ మట్టి మిద్దె కొనేదాన్నే కాదు.

మేముండేది హిందూపురంలో. దూదేకుల ముస్లిములం. మా ఆయనకు పరుపుల కొట్టు. ఒకప్పుడు పెళ్ళిళ్ళ కాలం వస్తే పరుపులు కుట్టి ఇవ్వలేక అన్నం తినడానికి కూడా ఇంటికి వచ్చేవాడు కాదు. ఇప్పుడందరూ స్పాంజి పరుపులు కొంటున్నారు, అవీ ఫోన్లో. మా ఆయన పొద్దున కొట్టు తెరిచి, దుమ్ము దులిపి, పక్క కొట్టాయనతో రాజకీయాలు మాట్లాడి, మూసేసి వస్తాడు. ఇలాంటి కాలం వస్తుందని నాకు ముందు నుంచీ గుబులు. నెలనెలా కాస్త వచ్చే దారి ఒకటి ఉండాలని పట్టుబట్టి ఆ ఇల్లు నా పేరు మీద కొనిపించాను. "ధర్మవరంలో నేసేవాళ్ళకిచ్చే ఇల్లు ఖాళీగా ఉండేదే లేదమ్మా, మగ్గం ఒకసారి కూర్చుందంటే లేవదు" అన్నాడు బ్రోకరు. అది నాకు మంచి మాటలాగే వినిపించింది.

ఇల్లు చిన్నది. ముందు ఒక పెద్ద గది, వెనక వంటిల్లు, ఆ వెనక నీళ్ళ తొట్టి. పెద్ద గదిలో నేలను తవ్వి మగ్గం గుంత ఎప్పుడో చేసి పెట్టారు. నేసే మనిషి గుంతలోకి కాళ్ళు దించి గట్టు మీద కూర్చుంటాడు. నేను కొన్న నెలలోనే ఒక మొగుడూ పెళ్ళామూ వచ్చి చేరారు. ఆయన పట్టుచీరలు నేస్తాడు, ఆమె పక్కన కూర్చుని దారం కండెలు చుడుతుంది. పిల్లలు లేరు. ఆయన మాట్లాడేది తక్కువ, ఆమె ఆయన వంతు కూడా కలిపి మాట్లాడుతుంది. నేను పోతే ముందు కాఫీ ఇచ్చి, తర్వాతే కుర్చీ వేస్తుంది. బాడుగ ఏనాడూ అడిగించుకోలేదు. నాకు తెలిసిన ఇళ్ళ ఓనర్లంతా బాడుగవాళ్ళ మీద చాడీలు చెప్పుకుంటుంటే నాకు చెప్పడానికేమీ లేక చిన్నతనంగా ఉండేది.

ఇక మిద్దె సంగతి. గోడల మీద దూలం, దూలం మీద దంతెలు, వాటి మీద కట్టెలు పరిచి, ఆ పైన చవుడు మట్టి. చవుడు వాన నీటిని కిందికి దిగనివ్వదు. గాలికి, వానకు అది పలచబడుతుంది గనక ఎండాకాలం చివర్లో ఏటా కొత్తది పోయాలి. "అక్కా, మిద్దె కారుతాండాది" అని ఆమె ఫోన్ చేస్తుంది, నేను దుడ్లు పంపిస్తాను, ఆయన కనగానపల్లి వైపు నుంచి ఒక ట్రాక్టరు చవుడు తోలించి పైన పోయిస్తాడు. కారడం ఆగిపోతుంది. వాళ్ళకూ సంతోషం, నాకూ సంతోషం. పాతది గీకి దించి కొత్తది పోయాలన్న సంగతి నాకూ తెలియదు, ఆయనకూ తట్టలేదు. ఏటా బరువు మీద బరువు. మిద్దెను కాపాడుతున్నామనే ఇద్దరం అనుకుంటూ వచ్చాము.

నిరుడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆమె వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది. దూలం నడుమ చీలిక. కింద మగ్గం ఆడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. అంత చీలిక కింద కూర్చుని ఆ మనిషి నేస్తూనే ఉన్నాడు.

మా ఆయనది పెనుకొండ. అక్కడ ఆయనకు తెలిసిన బేల్దారి మేస్త్రి ఒకాయన ఉన్నాడు. నేను హిందూపురంలో రైలెక్కితే మేస్త్రి పెనుకొండలో ఎక్కాడు. ఇద్దరం ధర్మవరం పోయాము. మేస్త్రి దూలాన్ని చూశాడు, గోడ మీద గోరుతో గీకి చూశాడు, మిద్దె పైకి నిచ్చెన వేసుకుని తల మాత్రం పైకి పెట్టి చూసి దిగాడు.

"యెవురప్పా ఇంత మట్టి పోసింది? మిద్దె మీద చేను చేస్తారా యేమి?" అన్నాడు.

నేను నేతాయన ముఖం చూశాను, ఆయన నా ముఖం చూశాడు.

"ఈ చవుడంతా దించి, దూలం తీసి, రేకులేసుకోవల్ల. స్లాబు ఈ గోడలు ఓర్సుకోవు. పని చేయాలంటే ఇల్లు ఖాళీ ఉండల్ల. మళ్ళా వానాకాలం దీని కింద మనుషులుండకూడదు. నేను చెప్పేది చెప్పినా" అని మేస్త్రి కాఫీ కూడా తాగకుండా బయటికి పోయి నిలబడ్డాడు.

రేకులకైతే ఎలాగో తంటాలు పడగలను. ఇక కావలసింది వాళ్ళు లేవడం ఒక్కటే, అది మళ్ళీ వానలు రాకముందే జరగాలి. నేను నేతాయన్ని అడిగాను. ఆయన మగ్గం మీద చెయ్యి వేసి, "ఈ పడుగు అయిపోనీ అక్కా. నడుమలో తీస్తే పట్టంతా పాడైపోతాది" అన్నాడు. న్యాయమే కదా. పడుగు అంటే మగ్గం మీద నిలువునా సాగదీసిన దారాలు, దాని మీద కొన్ని చీరలు వస్తాయి, అయిపోతుంది. అప్పుడు లేస్తారు. అంత మాత్రం ఆగలేనా అనుకున్నాను.

చలికాలంలో మళ్ళీ పోయాను. పోయినసారి మగ్గం మీద ఉన్నది నెమలి కంఠం రంగు, ఈసారి మెరుస్తున్నది కుంకుమ రంగు. నాకు ఒళ్ళు మండింది.

"ఏమప్పా, ఆ పడుగు అయిపోతే లేస్తానంటివి గదా? ఇదేమి?"

"అయిపోలేదక్కా, అతికినాము" అన్నాడు ఆయన చాలా మామూలుగా.

అప్పుడు తెలిసింది నాకు. నేతలో పడుగు అయిపోవడమంటూ ఉండదు. పాత పడుగు కొసలు ఇంకా మగ్గంలో ఉండగానే, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే వాటికి మెలిపెట్టి అతికేస్తారు. ఆ పనికని వేరే ఆడవాళ్ళు వస్తారు. కొసలన్నీ బయటికొచ్చేస్తే, ప్రతి పోగునూ మళ్ళీ మొదట్నుంచి మగ్గంలోకి ఎక్కించుకోవాలి. ఆ వ్యవధిలో పట్టు ఇచ్చే షావుకారు ఊరికే ఉండడు, ఆ పట్టు ఇంకొక మగ్గానికి పోతుంది. ఒకసారి పోయినది మళ్ళీ తిరిగి రాదు. అందుకని అతుకుతూనే ఉంటారు. ఆయన వచ్చిన కొత్తలో ఎక్కించిన పడుగు, రంగులు మారుతూ, నా ఇంట్లో అలాగే సాగుతూ ఉంది. అయిపోని దానికోసం నేను నెలల తరబడి కాచుకుని కూర్చున్నాను.

"ముందే చెప్పచ్చు గదా!" అని గట్టిగా అరిచాను.

"నీకు తెలుసనుకున్నా అక్కా" అన్నాడు. ఆ మాటలో మోసం ఏమీ లేదు. ఉంటే నాకు బాగుండేది.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పుకుంటే, "కరెంటు పీకించు, వాళ్ళే లేస్తారు" అన్నాడు. అదే మనిషి మరుసటి రోజు "పాపం ఎండాకాలం ఎట్లుంటారులే" అన్నాడు. తెలిసిన ఓనరమ్మ ఒకామె నల్లా మూయించమంది. ఇంకొకరు లాయరు నోటీసు పంపమన్నారు. లాయరు దగ్గరికి పోతే, బాగా నెమ్మదస్తుడు, "కోర్టులో వేద్దాం, తప్పకుండా గెలుస్తాం" అన్నాడు. "ఎప్పటికి సార్?" అంటే నవ్వాడు. అప్పటికి మిద్దె ఉంటుందా అని ఆయన్ని ఎలా అడగాలి? పోనీ అమ్మేద్దామని బ్రోకరుకు చెప్పాను. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. వచ్చినవాళ్ళు దూలం చూసి, మనుషుల్ని చూసి, "ఖాళీ చేయించి పిలవండి" అని పోయారు. నేను కూడా ఖాళీ చేయించడానికే కదా ఏడుస్తున్నది.

నాకు వాళ్ళ మీద కోపం లేదనను. మాట తీరు సరిగా లేని రోజులు వచ్చాయి. "మిద్దె కూలి మీరు పోతే జైలుకు పోయేది నేను" అని ఫోన్లో ఒకసారి అనేశాను. ఆమె అవతల నుంచి, "మేము పోతే నీకెవరక్కా బాడుగ కట్టేది" అని నవ్వబోయింది, నవ్వలేకపోయింది. నేను ఫోన్ పెట్టేసి కూర్చుని ఏడ్చాను. ఆ ఇల్లు నా పేరు మీదే ఉంది, పన్ను కూడా నేనే కడుతున్నాను. ఒక మనిషిని దాని కప్పు కింది నుంచి పక్కకు జరపడానికి మాత్రం నా చేతుల్లో ఏమీ లేదు.

అసలు చిక్కు ఇల్లు కాదని, గుంత అని నాకు ఎండాకాలంలో తలకెక్కింది. వాళ్ళు ఎక్కడికి పోవాలన్నా ఆ ఇంట్లో మగ్గం గుంత ఉండాలి. కొత్తగా కట్టినవన్నీ టైల్స్ ఇళ్ళు, నేల తవ్వనివ్వరు. గుంత ఉన్న పాత ఇళ్ళల్లో అప్పటికే మగ్గాలున్నాయి. ఆయన మగ్గం వదిలి తిరిగితే ఆనాటి కూలి పోతుంది. అందుకని నేనే తిరిగాను. ఇంటి ఓనరు తన బాడుగవాళ్ళకోసం ఇల్లు వెతుక్కుంటూ ఎండలో తిరగడం ఎక్కడైనా విన్నారా? నేనైతే వినలేదు, చేశాను.

వీధి వీధీ తిరిగి, "గుంత ఉన్న ఇల్లు ఉండాదా అమ్మా?" అని అడిగాను. అందరూ మొదట నా తల మీది గుడ్డను చూసేవాళ్ళు. ఒకామె గడప దాటకుండానే, "మీవాళ్ళకు ఇయ్యమమ్మా, ఏమనుకోవద్దు" అంది. ఏమనుకోవాలో నాకు తెలియక, "నాక్కాదు, చీరలు నేసేవాళ్ళకు" అన్నాను. ఆమె ముఖం కాస్త వదులైంది. "వాళ్ళకు నువ్వేమైతావు?" అని అడిగింది. "వాళ్ళుండే ఇంటికి ఓనర్ని" అన్నాను. లోపలికి తిరిగి ఇంకెవరినో పిలిచి ఆ మాట చెప్పి మరీ నవ్వింది. నేనూ నవ్వాను. రైల్లో ఇంటికి వస్తూ పెనుకొండ కొండ కనిపించేవరకు ఆ నవ్వే గుర్తొచ్చి కళ్ళు మండాయి.

చివరికి ఆకాశం మబ్బులు పట్టే రోజుల్లో దొరికింది. స్టేషను అవతల ఒక పాత ఇల్లు. అందులో నేసే ఆయన మగ్గం తీసేసి మరమగ్గాల్లో కూలికి చేరిపోయాడు, గుంత ఖాళీగా ఉంది. ఓనరు ఒక ముసలాయన. అడ్వాన్సు నేనే కట్టాను. మా ఆయన ఏమంటాడోనని భయపడ్డాను గాని ఆయనే కొట్టులో మిగిలిన రెండు మంచి పరుపులు అమ్మిన డబ్బు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

నేతాయన పోయి గుంత చూసుకుని వచ్చాడు. లోతు సరిపోయిందన్నాడు. షావుకారు కాళ్ళూ గడ్డమూ పట్టుకుని కొన్నాళ్ళు గడువు తెచ్చుకున్నాడు. ఈసారి అతికేవాళ్ళను పిలవలేదు. ఆఖరి చీర కోసిన రోజు ఆమే ఫోన్ చేసి, "అక్కా, మగ్గం మీద పోగు లేదు. వచ్చెయ్" అంది. ఆ మాట వింటే నాకు పండగలాగే అనిపించింది. అప్పటికే చినుకులు మొదలైనాయి. అయినా ఇంకేం, మగ్గం విప్పి బండికెత్తితే మనుషులు బయటపడతారు, తర్వాత మిద్దె ఏమైతే నాకేమి అనుకున్నాను.

మేస్త్రి, ఇద్దరు కూలీలు, నేను పొద్దున రైలుకే పోయాము. సామాన్లు అప్పటికే మూటలు కట్టి వీధి అరుగు మీద పెట్టి ఉన్నారు. మగ్గం మొదటిసారి నాకు దారాలు లేకుండా కనబడింది. బక్కచిక్కిన పశువులాగా ఉంది. దాని మీద చీర అంచుకు పువ్వులెత్తే జాకార్డు పెట్టె, ఆ పెట్టెను మోసే నాలుగు గుంజల చట్రం, మిద్దెను తాకేంత ఎత్తు. చట్రం విప్పుదామని నేతాయన పై కొయ్యకు దిగగొట్టిన సీల మీద సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. పైనుంచి దోసెడు చవుడు ఆయన నెత్తిన రాలింది.

"ఆపప్పా!" అని మేస్త్రి అరిచాడు.

అందరం తలెత్తి చూశాము. దూలం మునుపటి చోట లేదు. వంగి వంగి వచ్చి జాకార్డు చట్రం మీద కూర్చుంది. ఎప్పుడు కూర్చుందో ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకే తెలియదు. మేస్త్రి చట్రానికీ దూలానికీ నడుమ అట్టముక్క దూర్చి చూశాడు, దూరలేదు. గుంజల మొదట్లో నేల తడిగా ఉంది.

"ఇంటిని ఇప్పుడు గోడలు మోస్తాండలేదు. మగ్గం మోస్తాండాది" అన్నాడు.

"ఊతలు పెట్టి తీయలేమా?" అని అడిగాను.

"నేల నానిపోయిందమ్మా. ఊత దిగ్గొట్టే అదురుకే వస్తాది. చవుడు పైనుంచి తట్ట తట్టకూ దించల్ల, ఇప్పుడు పైకెక్కినోడు కిందికే వస్తాడు. వానలు పోయి, మట్టి ఎండినాక చూస్తాము. అంతవరకూ నిలిచేది, నిలవనిది దాని ఇష్టం. నేను చెయ్యి పెట్టను."

కూలీలు ఎవరూ చెప్పకుండానే బయటికి పోయారు. నేతాయన సుత్తి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆయన భార్య వచ్చి చెయ్యి పట్టుకుని లాగితే గాని కదల్లేదు. ఇన్ని నెలలూ కాళ్ళావేళ్ళా పడి నేను కోరుకున్నది అదే. మనుషులు ఆ కప్పు కింది నుంచి లేచారు. నాకు మాత్రం ఆయన ముఖం చూడడానికి ధైర్యం చాలలేదు. స్టేషను అవతలి ఇంట్లో గుంత ఉంది, అందులో పెట్టడానికి ఆయనకు మగ్గం లేదు. ఈ ఇంట్లో ఉన్న మగ్గాన్ని ఆయన తీసుకుంటే నాకు ఇల్లు లేదు, తీసుకోకపోతే ఆయనకు కూడు లేదు. తీసుకుందామన్నా కుదరదు. అడకత్తెరలో పోకచెక్క అంటారు, ఆ చెక్కైనా ఒక్కటే ఉంటుంది. ఇక్కడ ఇద్దరం ఉన్నాము.

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అని ఉండేదాన్ని, ఇద్దరికీ కాస్త తేలికయ్యేది. ఆయన సామాన్ల మూటలు ఒక్కొక్కటే ఆటోలో పెట్టుకున్నాడు. షావుకారుకు ఏం చెప్పుకుంటావని అడిగాను. "వేరేవాళ్ళ మగ్గం మీద కూలికి కూర్చుంటాలే అక్కా" అన్నాడు. ఇరవయ్యేళ్ళు సొంత మగ్గం మీద కూర్చున్న మనిషి. సన్నగా వాన పడుతూనే ఉంది. మేస్త్రి గొడుగు లేదని పక్కింటి చూరు కింద నిలబడ్డాడు.

తాళం నేనే వేశాను. తలుపు గట్టిగా లాగడానికి కూడా భయమేసి, చేత్తో మెల్లగా దగ్గరికి చేర్చి వేశాను. ఆమె ఆటో ఎక్కబోతూ మళ్ళీ దిగి నా దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, తాళంచెవి పట్టుకున్న నా చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"అక్కా, ఇల్లు నీదే గదా. మా మగ్గం పడిపోకుండా చూసుకో" అంది.

"అలాగే" అనాలి. ఎవరైనా అంటారు. నేను ఆమెను ఆటో ఎక్కించి, తాళంచెవి కొంగున ముడి వేసుకున్నాను.